కోటు జేబులో కాగితం

తను పనిచేసే లాండ్రీలో ఆమె పొద్దుటినుంచి నిలబడి ముప్పై కోట్లు ఇస్త్రీ చేసింది. ముప్పై ఒకటోది ఆమె మొగుడిది. సాయంత్రం రెండో పెళ్లి కోసం చూపులకు వాడు తొడుక్కోవాలని అత్తగారు కోడలి చేతికే ఇచ్చి పంపింది. సిగ్గూ ఎగ్గూ ఉన్న మనిషి చేసే పనేనా అది!

ఇస్త్రీకి ముందు జేబులు తడిమి చూడటం లాండ్రీ పద్ధతి. లోపలి జేబులో నాలుగు మడతల కాగితం దొరికింది. ఏదో ఆస్పత్రి రిపోర్టు. మొగుడి పేరు, రెండేళ్ల కిందటి తేదీ. మిగతాది అర్థం కాలేదు. మధ్యాహ్నం తిండి మానేసి, పిల్లల కోసం తనకు ఇన్నాళ్లూ సూదులు వేసిన నర్సు దగ్గరికి అది పట్టుకుని పరుగెత్తింది.

“అజూస్పెర్మియా అంటే వీర్యంలో ఒక్క వీర్యకణం కూడా కనబడలేదని తల్లీ,” అంది నర్సు. “మగతనం వేరు, ఇది వేరు. సిగ్గుపడాల్సిందేం లేదు. దారి మూసుకుపోయి ఉంటే వృషణంలోంచి సన్నటి సూదితో కణాలు తీస్తారు. ఒక్క కణాన్ని పట్టి అండంలోకి ఎక్కిస్తారు. దాన్నే ఇక్సీ అంటారు. అక్కడా దొరక్కపోతే దాత వీర్యం. ఈ పరీక్ష వేరే ఆస్పత్రిలో చేయించుకున్నట్టున్నాడు. మాతో మాత్రం తనకంతా బాగుందన్నాడు.”

పిల్లలు పుట్టలేదని ఆమెకు కోపం రాలేదు. తెలిసీ మొగుడు తన ఒళ్లంతా సూదులు పొడిపించినందుకు వచ్చింది. గొడ్రాలని అత్త తిట్టిన ప్రతిసారీ తలొంచుకుని పడినందుకు వచ్చింది. ఏడవలేదు. వెనక్కి వచ్చి ఆ కోటును శ్రద్ధగా ఇస్త్రీ చేసింది.

సాయంత్రం ఇంటి ముందుగదిలో, చూపులకని వచ్చిన పెళ్లికూతురూ, ఆమె తండ్రీ కూర్చున్నారు. అత్తగారు విడాకుల కాగితం బల్లమీద పెట్టింది.

“సంతకం పెట్టు. నీ కడుపు ఎలాగూ పండలేదు, వాడి వంశమైనా నిలవనీ.”

“పెట్టనత్తయ్యా.” రిపోర్టు తీసి మొగుడి ముందు పరిచింది. “ముందు ఈయన్ని ఇది చదవమనండి.”

అతను కాగితాన్ని చేత్తో కప్పబోయాడు. “లోపలికి రా, మాట్లాడుకుందాం,” అని గొణిగాడు.

“ఇక్కడే మాట్లాడండి.”

పెళ్లికూతురి తండ్రి కళ్లజోడు సర్దుకుని తొంగిచూశాడు. “ఈ మాటకి అర్థమేంటి బాబూ?”

అతను తల్లి వైపు చూశాడు. అత్తగారికి గాభరా పుట్టింది. “ఏంటే అది? నువ్వన్నా చెప్పు!”

“నేను చెబితే గొడ్రాలి ఏడుపంటారు.” ఆమె కుర్చీ లాక్కుని అత్తగారికి ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో అలా కూర్చోవడం అదే మొదలు. “ఆయన నోటితోనే రావాలి. ఒక్కో మాటకీ అర్థం కూడా చెప్పాలి. రెండేళ్లు సూదులు పొడిపించుకున్నాను, ఇంకో గంట ఆగలేనా?”

పెళ్లికూతురు తలెత్తి అతని మొహంలోకి సూటిగా చూసింది.

“చెప్పండి,” అంది.