ఎముకల నీళ్లు

దీని ఎముకలు గుల్లబారిపోతే రేపు నాకెవరు జవాబు చెబుతారు, అని మనసులోనే అనుకున్నాననుకున్నాను, పైకే అనేశాను కాబోలు, ఎదురు బెంచీ మీద మోకాలికి కట్టుతో కూర్చున్న పెద్దాయన తలెత్తి నన్నూ నా పక్కనున్న పిల్లనూ మార్చి మార్చి చూశాడు, పిల్ల మాత్రం నావైపు తిరగలేదు, మోచేతి మడతలో దూది నొక్కుకుని గోడ మీది టోకెన్ నంబర్లే చూస్తోంది, ముప్ఫై ఒకటి నడుస్తోంది, మాది ముప్ఫై ఎనిమిది, రక్తం పొద్దున ఏడింటికే ఇచ్చాం, పరగడుపున, ఒక్క సీసా అన్నారు, మూడు లాగారు, ఉన్నదే పిడికెడు పిల్ల, అందులోంచి మూడు సీసాలు పోతే ఇంకేం మిగులుతుంది, ఆ సూది కొత్తదో కాదో, కొత్తదే, నా కళ్ల ముందే కవరు చించింది, అయినా ముందే ఒకసారి చించి మళ్లీ అంటించిన కవరు కాదని ఎవరు చూడొచ్చారు, ఈ మాట పైకంటే అమ్మా మళ్లీ మొదలుపెట్టావా అంటుంది, అందుకని ఇది మాత్రం పళ్ల వెనకే ఆపుకున్నాను.

పదహారేళ్లు దానికి, ఇంట్లో అందరం పిచ్చుకనే పిలుస్తాం, నర్సు పెట్టిన పేరు, నెలలు నిండకుండా పుట్టింది, తూకంలో వేస్తే కిలోన్నర కూడా లేదు, ఇది పిల్లా పిచ్చుకా అంది నర్సు, నవ్వుతూనే అంది పాపం, ఆ నవ్వు నా చెవిలోంచి ఇప్పటికీ పోలేదు, నాకు పాలు పడలేదు, వేడినీళ్ల గుడ్డలతో కాపడం పెట్టారు, ఎవరేం తినమంటే అది తిన్నాను, చుక్క రాలేదు, డబ్బాపాలతో పెంచాను, ఏడాది నిండాక ఆవుపాలు, గంటగంటకూ చెంచాతో, మధ్యలో ముక్కు కింద వేలు పెట్టి ఊపిరాడుతోందా లేదా చూసుకుంటూ, అలా బతికించుకున్న పిల్ల నాలుగు నెలల కిందట వంటింటి గట్టెక్కి కూర్చుని, కాళ్లూపుకుంటూ, అమ్మా ఇవాళ్టి నుంచి పాలూ మాంసమూ మానేస్తున్నా అంటే, నాకు గరిటె చేతిలోంచి జారలేదు గానీ గుండె జారింది, ఎవరైనా ఏమన్నారా, కడుపునొప్పా, ప్రేమా దోమా ఏమైనా ఉందా అని అడిగాను, ఎండలమ్మా అంది, ఎండలకీ పాలకీ ఏమిటే సంబంధం.

అప్పుడు చెప్పింది, పశువు నెమరేస్తుంటే కడుపులో ఒక గ్యాసు పుడుతుందట, త్రేన్పుల్లో బయటికొస్తుందట, పైకి పోయి వేడిని కదలనివ్వకుండా పట్టేసుకుంటుందట, వాటి మేతకోసం అడవులు కొట్టేస్తారట, బండెడు మేత తింటే మన కంచంలోకి తిరిగొచ్చేది పిసరంతేనట, అదే నేలలో పప్పులు వేస్తే ఎంతమందికో సరిపోతాయట, పక్కగదిలోంచి మా అత్తయ్య, మనుషుల పాపాలు చాల్లేదని పశువుల త్రేన్పులు కూడా పట్టుకున్నారటే, మీ తాత త్రేనిస్తే వీధి చివరి కుక్కలు మొరిగేవి, అప్పుడెందుకు కాలిపోలేదు లోకం అంది, పిల్ల పడీపడీ నవ్వింది, నాకే నవ్వు రాలేదు, ఇది వెటకారం చేసే సంగతా, మన ఇల్లు నిలబడిందే పాల మీద కదే, మీ నాన్న తోలేది పాల ట్యాంకరు, నేను పొద్దస్తమానం స్వెట్టరేసుకుని కోల్డ్‌రూములో నిలబడి కారే ప్యాకెట్లు ఏరేది పాల ఫ్యాక్టరీలో, ఊరంతా నీలాగే మానేస్తే మీ నాన్న ట్యాంకర్లో గాలి మోసుకొస్తాడా అన్నాను, ఎవరూ మొత్తం మానక్కర్లేదమ్మా, తగ్గిస్తే చాలు, ముందు బాగా తినేవాళ్లు తగ్గించాలి అంది, మరి వాళ్లకే పోయి చెప్పు, మూడుపూటలా మాంసం తిని సగం పారేసేవాళ్లకి చెప్పు, ఇంటికి నాలుగు కార్లున్నవాళ్లకి చెప్పు, లోకాన్ని నిలబెట్టడానికి నీ కంచమే దొరికిందా అన్నాను, అది కాళ్లూపడం ఆపి, నా చెయ్యి వెళ్లేది నా కంచంలోకే కదమ్మా అంది.

నంబరు ముప్ఫై నాలుగు, ఎవరో పసివాడు ఏడుస్తున్నాడు, వాళ్లమ్మ సీసా నోట్లో పెట్టింది, నోరు మూశాడు, చూడు ఎంత సులువో అనుకున్నాను, మా పందెం గుర్తొచ్చింది, పందెం పెట్టింది అదే, నాలుగు నెలలు నేను పాలూ మాంసమూ లేకుండా తింటాను, ఆ తర్వాత రక్తం చూపిద్దాం, బాగుంటే మనింట్లో మాంసం వారానికి ఒక్కసారే, పాలు సగమే, బాగా లేకపోతే నువ్వేం పోస్తే అది ముక్కు మూసుకోకుండా తాగుతాను, నానమ్మ సాక్షి, అత్తయ్య పళ్లు లేని నోటితో సాక్షి సంతకం పెడతాలే అంది, నేనూ సరే అన్నాను, తల్లినై ఉండి సరే అన్నాను, మూడోరోజుకే పిల్ల చెంపలు లోపలికి పోయినట్టనిపించింది, మూడురోజుల్లో పోవని నాకూ తెలుసు, తెలిసి ఏం లాభం, భయానికి చదువు లేదు, నాకున్న ఏడో తరగతి కూడా లేదు దానికి, మార్కెట్టుకెళ్లి ఎముకలు తెచ్చాను, అది బడికెళ్లాక ఉడికించి వడకట్టి ఆ నీళ్లు సీసాలో పోసి ఫ్రిజ్‌లో వెనకాల గుడ్డ చుట్టి దాచాను, పప్పులో నీళ్లకి బదులు ఆ నీళ్లు, రొట్టెల పిండిలో రెండు గుప్పిళ్లు పాలపొడి, వాసన తెలియకుండా వెల్లుల్లి, మొదటిరోజు అది రెండోసారి వడ్డించుకుని, అమ్మా పప్పు ఇంత రుచిగా ఎప్పుడూ చెయ్యలేదే నువ్వు అంది, నేను గోడవైపు తిరిగి, మంట తగ్గించి వండాలే అలా వస్తుంది అన్నాను, నాలుగు నెలలు, ఒక్కరోజు తప్పలేదు.

ఇప్పుడు ఈ బెంచీ మీద నాకు ఏది రావాలో నాకే తెలియట్లేదు, రక్తం పాడైందంటే తల్లిగా చచ్చిపోతాను, బాగుందంటే అది తిన్న పప్పు వల్లో నేను పోసిన నీళ్ల వల్లో చెప్పగలిగే మనిషి లోకంలో నేనొక్కదాన్నే, నాకూ తెలియదు, ముప్ఫై ఎనిమిది అన్నారు, కాళ్లు ముందు అవే లేచాయి, డాక్టరమ్మ చిన్నపిల్ల, చేతికి గడియారం వదులుగా గాజులా ఊగుతోంది, కాగితం చూసి, బాగుందమ్మా, రక్తం బాగుంది, పాలూ మాంసమూ మానేసినవాళ్లు బీ ట్వెల్వ్ మాత్ర ఒకటి తప్పకుండా వేసుకోవాలి, అది రాస్తున్నాను, పప్పులూ వేరుశనగలూ నువ్వులూ ఆకుకూరలూ బాగా తిను, ఇలా తింటే నీకేం భయంలేదు అంది, నీకేం భయంలేదు, ఎంత సులువుగా అనేసింది, పదహారేళ్లుగా ఎవరైనా అనాలని నేను కాచుక్కూర్చున్న మాట, అన్నాక చూస్తే అది నాకు కాదు, పిల్లకి.

గది బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది, ఎప్పుడు పట్టుకుందో ఇదివరకు, నాలుగైదేళ్లయిందేమో, చూశావా అమ్మా, ఒట్టి పప్పూ రొట్టెలతోనే, చూశావా అంది, దాని మొహం విప్పారిపోయింది, ఆ క్షణాన నోరు మూసుకుంటే సరిపోయేది, ఇంటికెళ్లి పాలు సగం చేసేదాన్ని, ఏడాదికో రెండేళ్లకో నేనే మరిచిపోయేదాన్ని, కానీ ఒట్టి అన్న ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో, గంటగంటకూ పోసిన చెంచాలూ, ముక్కు కింద పెట్టిన వేలూ, నేనూ, అంతా ఒట్టిదేనా అనిపించింది, ఒట్టిది కాదే, ఎముకల నీళ్లు పోశాను, రోజూ పోశాను, రొట్టెల్లో పాలపొడి వేశాను, అందుకే బాగున్నావు అనేశాను, నిజం దాచుకోలేక చెప్పానని ఎవరైనా అంటారేమో, కాదు, అక్కసు, కన్నకూతురి మీద అక్కసు, చెయ్యి వదిలేసింది, విసిరికొట్టలేదు, మెల్లగా, తనది కాని వస్తువు కింద పెట్టినట్టు వదిలింది.

ఇంటికి ఎప్పుడూ పావుగంట నడక, ఇవాళ తరగలేదు, వానలు పడాల్సిన రోజులు, ఆకాశంలో చిన్న మబ్బు తునకైనా లేదు, తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది, ఒక్కటే గొడుగు, అది పట్టుకుంది, పెద్దవీధి దాటాం, ఏమైనా అనవే, పోనీ తిట్టు, మీ నానమ్మలా తిట్టు అన్నాను, గొడుగు పిడి మీద దాని వేళ్లు బిగిశాయి, అంతే, మా ఫ్యాక్టరీ గేటు ముందుకొచ్చేసరికి యార్డులో లారీకి క్రేట్లు ఎక్కిస్తున్నారు, లోపల మాకు చలి పుట్టించే మిషన్లు ఆ వేడంతా యార్డులోనే కక్కుతాయి, లారీలకి క్రేట్లు మోసే ముసలాయన, క్రేట్ల తాత అనేవాళ్లం అందరం, పడిపోయింది అక్కడే, రెండో లారీ పక్కన, ఎండాకాలం ఇంకా రాకముందే ఎండలు వచ్చేసిన ఆ వారంలో, భుజాన రెండు క్రేట్లతో, పాలు నేలంతా పారాయి, మీద ప్యాకెట్ల నీళ్లు చల్లాం, పాలు చల్లాం, ఇంక లేవలేదు, పిల్ల ఆ గేటు దగ్గర ఒక్క అడుగు ఆగి మళ్లీ నడిచింది, అప్పుడు చూశాను, గొడుగు మొత్తం నా మీదే ఉంది, దాని కుడిభుజం ఎండలో ఎర్రగా కందిపోయింది, నెట్టాను, మళ్లీ నావైపే వంచింది, నన్ను చూడకుండానే.

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తయ్య, ఏమ్మా పిచ్చుకా, నీ రక్తం ఏమందే, సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలి అంది, పిల్ల తిన్నగా వంటింట్లోకెళ్లి ఫ్రిజ్ తీసి, వెనకాలదాకా వెతికి, గుడ్డ చుట్టిన సీసా బయటికి తీసి గట్టు మీద నా ముందు పెట్టింది, పారబోయలేదు, పగలగొట్టలేదు, పెట్టి వెళ్లి గడప మీద కూర్చుంది, ఏం జరిగిందే అమ్మాయ్ అని అత్తయ్య నన్నడిగింది, చెప్పాను, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు, దొంగతనంగా పెట్టిన తిండి ఎవరికీ అరగదే అని గోడవైపు తిరిగి పడుకుంది, భోజనం వేళ దాటింది, కంచం పెడితే ముట్టలేదు, సీసా మీద చెమ్మ పట్టి గట్టు మీద మడుగు కట్టి ఆరిపోయింది, నాలుగైంది, దాని బుగ్గలు నిజంగానే లోపలికి పోయినట్టున్నాయి, నీళ్లయినా తాగవే అంటే తాగింది, ఈ మొండితనం ఎక్కడిది దీనికి, వాళ్ల నాన్నకి లేదు, వెళ్లి ఎదురుగా నేలమీద కూలబడ్డాను, తప్పు చేశాను, ఒప్పుకున్నాను, కానీ ఒక్కటి చెప్పు, ఈ వయసులో ఇంత పంతమేమిటే నీకు, ఎవరు నేర్పారు అన్నాను, నాలుగు నెలల్లో ఇది అడగాలని నాకు తోచనే లేదు, కడుపునొప్పా అని అడిగాను, ప్రేమా అని అడిగాను.

తలెత్తి చూసింది, నన్ను కాదు, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న నా స్వెట్టర్ని, తర్వాత అంది, నువ్వే, క్రేట్ల తాత పోయిన రోజు నువ్వు ఆ స్వెట్టరు విప్పకుండా అంత ఎండలో నడిచి వచ్చావు, వేసుకున్నావని నీకే తెలియదు, మొహం తెల్లగా పాలిపోయి ఉంది, రేపు నువ్వూ పడిపోతావని నాకు భయమేసింది, రోజూ వేస్తోంది, నువ్వు ఇంటికొచ్చేదాకా, నీకు భయమేస్తే నాకు తినిపిస్తావు, నాకు భయమేస్తే నేనేం చెయ్యాలి, నాకు చేతనైంది ఇదొక్కటే, అది కూడా నువ్వు చెయ్యనివ్వలేదు, రేపట్నుంచి నా అన్నం నేనే వండుకుంటానమ్మా, అని లేచి చెంబులో నీళ్లతో మొహం కడుక్కోవడానికి వెళ్లింది, నేను అక్కడే కూర్చున్నాను, సూదికి భయపడ్డాను, కవరుకి భయపడ్డాను, ఎముకలకి, చెంపలకి, లేని ప్రేమకి భయపడ్డాను, భయపడాల్సిన దానికి మాత్రం పిల్ల ఒక్కతే భయపడింది, చుక్క పాలు పడలేదని పదహారేళ్లు ఏడ్చాను గానీ, నా నుంచి దానికి ఏమీ దిగకపోలేదు, నా భయం దిగింది.