కాలరక్క ఓర్పు

డయాలిసిస్ మొదలైన మూడో గంటలో కాలరక్క కళ్ళు తేలేసింది.

వార్డు మొత్తానికి ఉన్న ఒక్క నర్సు, అందరూ సిస్టరమ్మ అని పిలిచే ఆమె, పరుగున వచ్చి కుర్చీ తలవైపు కిందికి దించింది. సెలైన్ ఎక్కించి బుగ్గలు తట్టింది. కాసేపటికి కాలరక్క కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, ఎప్పుడూ అనే మాటే అంది.

"ఏం లేదమ్మా. బాగానే ఉంది."

అప్పుడే ఆమె పిడికిట్లోంచి గుడ్డముక్క ఒకటి జారి కిందపడింది. సిస్టరమ్మ తీసి చూసింది. చొక్కా కాలరు నిలబడటానికి లోపల పెట్టే గట్టి గుడ్డ. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి ఖాళీగా కూర్చోలేక పని వెంట తెచ్చుకుంటోందని ఇన్నాళ్ళూ అనుకుంది. కానీ ఆ గుడ్డ నిండా పంటిగాట్లున్నాయి.

"ఇదేంటక్కా?"

"పిక్కలు పట్టేస్తాయి కదమ్మా. అరుపు బయటికి రాకుండా కొరుక్కుంటాను. వాంతొచ్చినా అదే అడ్డం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ."

సిస్టరమ్మకు తల కొట్టేసినట్టయింది.

వార్డులో ఆరు కుర్చీలు. గోడవైపు మూడింటికి పాత మెషీన్లు. రక్తంలో పేరుకున్న ఆమ్లాన్ని విరిచేందుకు వాటి ద్రవంలో అసిటేట్ ఉంటుంది. ఒక్క డబ్బాతో సరిపోతుంది, చవక కూడా. కిటికీవైపు కొత్త మెషీన్లలో బైకార్బనేట్ వాడతారు. దానికి రెండు డబ్బాలు కావాలి, ఖర్చెక్కువ. అసిటేట్ చాలామందికి పడదని, బైకార్బనేట్ అయితే ఒళ్ళు తేలిగ్గా ఓర్చుకుంటుందని డాక్టరు ఎప్పట్నుంచో చెబుతున్నాడు. ఆస్పత్రి పెద్దలు మాత్రం ఇక్కడే మూడు నెలలు పోల్చి చూపించమన్నారు. తేడా కనిపిస్తే పాత మూడు మెషీన్లూ మారుస్తారు. అందుకని ఒక్కో మనిషికి ఒక్కో కాగితం, అందులో 'ఇబ్బందులు' అనే గడి. ఆ గడి నింపే పని సిస్టరమ్మది.

కాలరక్క కాగితంలో ముప్పై ఆరుసార్లు 'ఏమీ లేవు' అని ఉంది. గోడవైపు మిగతా ఇద్దరిదీ దాదాపు అంతే. కిటికీవైపు గోలబాబాయి మాత్రం గడి పట్టనంత రాయించాడు. తలనొప్పి, దురద, ఫ్యాను చప్పుడు, పక్కకుర్చీ ఆయన గురక. ఆ గోలబాబాయే సూదులు తీయగానే లేచి తన సెలూన్‌కి పోయి సాయంత్రం దాకా గడ్డాలు గీస్తాడు. కాలరక్క ప్రతిసారీ మర్నాడంతా మంచం మీదే ఉంటుంది. ఆమె కుట్టుమిషను ముందు వేరే మనిషిని కూర్చోబెడతామని ఫ్యాక్టరీలో అప్పుడే అంటున్నారు. మర్నాడి సంగతి అడిగే గడి ఆ కాగితంలో లేదు.

ఈ ఓర్పు నేర్పింది ఎవరో సిస్టరమ్మకు తెలుసు. తనే. "కాలరక్కని చూసి నేర్చుకోండి, ఎప్పుడైనా నోరు మెదుపుతుందా?" అని వార్డంతా వినేలా పొగిడేది. గోడవైపు వాళ్ళలో నోరు విప్పినవాళ్ళను మధ్యాహ్నం బ్యాచికి తోసేసేది. మధ్యాహ్నం బ్యాచి అంటే బస్సులు కిక్కిరిసిన వేళ, తూలిపోయే కాళ్ళతో నిలబడి ఇల్లు చేరడం. గోలబాబాయి ఏ బ్యాచిలోనైనా అరుస్తాడు గనుక అతని జోలికి పోలేదు. ఆరుగురినీ ఒక్కతే చూసుకోవాలి, గోల లేకపోతే పని తేలిక. అంతకు మించి ఆమె మనసులో చెడు లేదు. ఆ మాట ఇప్పుడు తనకు తనే చెప్పుకోబోయి సిగ్గుపడింది.

డాక్టరు కాగితాల కట్టతో వచ్చాడు.

"సిస్టర్, రెండు ద్రవాలకీ తేడా లేదని తేలింది. ఇంకా కొత్త కుర్చీల్లోనే ఫిర్యాదులు ఎక్కువ! నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. సరే, సంతకం పెట్టండి, మీటింగుకి పంపాలి."

"పెట్టను డాక్టరుగారూ."

"ఏం?"

"ఇవన్నీ అబద్ధాలు. వాళ్ళు చెప్పలేదు. చెప్పనివ్వకుండా చేసింది నేనే." గుడ్డముక్క చూపించింది.

డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. "ఇవి చెల్లవని నేనే రాస్తాను. కానీ పెద్దవాళ్ళు ఊరికే ఒప్పుకోరు. మళ్ళీ మొదట్నుంచి మూడు నెలలు రాయాలి. ఇవే కుర్చీలు, ఇవే డబ్బాలు."

అతను వెళ్ళాక కాలరక్క నెమ్మదిగా అడిగింది. "అంటే నాకింకో మూడు నెలలు ఇదేనా?"

"తప్పు నాదక్కా."

"తప్పు నీదే. కాళ్ళు నావి కదమ్మా."

సిస్టరమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఇవాళ్టి నుంచి అరువక్కా. ఎంత గట్టిగానైనా సరే. నీ బ్యాచి మారదు, పూచీ నాది."

"అరవడం మర్చిపోయానమ్మా," అంటుండగానే కాలరక్క కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. పిక్క రాయిలా బిగిసింది. ఆమె చెయ్యి ఒళ్ళో గుడ్డ కోసం వెతికింది. అలవాటు ఎంత పాడుదో, సిస్టరమ్మే ఆ గుడ్డను అందించబోయింది.

కాలరక్క దాన్ని ఒక్క క్షణం చూసింది. చేత్తో తోసేసింది. అరిచింది.

ఫ్యాను గురించి ఏదో అంటున్న గోలబాబాయి సగంలో ఆగిపోయాడు. సిస్టరమ్మ రెండు చేతులతో పిక్క నొక్కుతోంది, ఏడుస్తోంది. కాగితం బల్లమీదే ఉంది.

"పదకొండుంబావు!" గోలబాబాయి కేకేశాడు. "టైముతో సహా రాయి సిస్టరమ్మా! లేకపోతే లేదనేస్తారు!"

అంతలో గోడవైపు రెండో కుర్చీలోంచి, మూడు నెలలుగా ఎవరూ వినని గొంతు ఒకటి బెరుకుగా లేచింది.

"నాకూ కడుపులో తిప్పుతోందమ్మా."