తాళారోహకుని లోహవిహారము

ఫాల్గుణ మాసపు తొలిదినములు. చలి తన మూటముల్లె సర్దుకొనుచుండగా ఎండ ఇంకను సంపూర్ణాధికారము చేపట్టని ఆ సంధికాలమున, భాగ్యనగరపు పొలిమేర కావలి బండగుట్టల నడుమ, బాలభాను కిరణస్పర్శచే ధగద్ధగాయమానమైన ఉక్కు మేనితో గగనమున కెగసి నేలకు వ్రాలి మెలికలు తిరిగి తలక్రిందులై మరల లేచి నిలిచిన మహాయంత్రమొకటి అచ్చటి వినోదోద్యానమునకు మకుటాయమానమై విరాజిల్లుచుండెను. జనులు దీనిని రోలర్ కోస్టరందురు. దీనికొక సంస్కృత నామధేయము కల్పింపవలెనని ఈ కథకునకు చాల సేపు కుతూహలము కలిగినది. కాని దానినెక్కి దిగినవాడెవ్వడును పేర్లు తలచుకొను స్థితిలో నుండడు గావున ఆ ప్రయత్నము మానుకొంటిని.

ఆదివారమగుటచే ద్వారమునొద్ద ఇసుక వేసిన రాలనంత జనము. నవదంపతులును కళాశాలా విద్యార్థులును శిశువులను భుజములపై నెత్తుకొన్న తండ్రులును గుంపులు గుంపులుగా కిలకిలారవములతో చొచ్చుకొని పోవుచుండగా, ఆ కోలాహలమధ్యమున ఒక్కడే, నవ్వునట్టి ముఖమును లేక, విహారమునకు వచ్చినట్టి వేషమును లేక, భుజమున తువ్వాలుతో ఎడమకాలు రవంత ఈడ్చి నడచు విశాలవక్షుడైన నడివయస్కు డొకడు లోనికి ప్రవేశించెను. అతడు కాసగోని మల్సూరు. నల్లగొండ సీమలో తాటిచెట్లు గీచి కల్లు దింపి బ్రతుకు గీతకార్మికుడు.

గీతపని యన చెట్టెక్కుట మాత్రమేయని తలచువారు పొరబడుచున్నారు. ఎక్కుట అందు సగమే. మోకను లావుపాటి త్రాడు నడుమును మ్రానును కలిపి చుట్టియుండగా, పాదములు మ్రానికి తన్నిపెట్టి, దేహమును వెనుకకు వాల్చి, రెండు చేతులను చెట్టునుండి విడిచి, ఒక చేత గెలను మరియొక చేత కత్తిని పట్టి, పొరవలె సన్నగా గీయుట అసలు పని. ఆహా, అంతరిక్షమున ఒక్క త్రాటిని నమ్మి చేతులు విడిచిన మనుష్యుని క్రిందనుండి తలయెత్తి చూచినవారికి కాని ఆ విద్య యొక్క గౌరవము తెలియదు! మల్సూరు అట్టివారిలో మేటి.

అట్టివాని మోకు గడచిన యేట నడిచెట్టున తెగినది. తొడయెముక విరిగి మాసములకొలది మంచము పట్టినాడు. ఎముక అతుకుకొన్నది. క్రొత్త మోకు తానే పేనుకొన్నాడు. చెట్టును ఎక్కగలుగుచున్నాడు కూడ. కాని పైకి చేరిన పిదప ఆ చేతులు మ్రానును విడువవు. మనసు విడువుమనును, చేతులు వినవు. మ్రానిని కరచుకొని కొంత సేపుండి, గీయకయే దిగివచ్చుచున్నాడు. అది చూచి చూచి గీతసంఘపు పెద్ద యగు పాపగోని అనంతరాములు ఒకనాడు మల్సూరు నింటికి వచ్చి కూర్చుండెను.

"తమ్మీ, నాకు నీ మీద కోపం లేదు. గని సీజన్ మన కోసం ఆగదు గదరా. వచ్చే సోమారం పొద్దుగాల నా ముంగట ఎక్కి గీసి సూపియ్యి. అయితలేదంటవా, నీ చెట్లు ఇంకోనికి ఇయ్యక తప్పది."

చెట్లు పోవుటయన మల్సూరునకు కూడు పోవుట మాత్రమే కాదు. తన పేరు చెప్పగానే ఊరివారు తలచుకొనునది ఆ చెట్లనే.

ఆ వారముననే మరదలి కూతురు నవత చుట్టపుచూపుగా వచ్చి తన ఫోనులో ఒక దృశ్యము చూపినది. కొందరు ఇనుప బండిలో కూర్చుండి కొండంత యెత్తునుండి జారుచు రెండు చేతులను ఆకాశమునకెత్తి కేకలు వేయుచుండిరి. మల్సూరు కన్నార్పక చూచెను.

"చేతులెందుకు లేపుతున్నరు బిడ్డా?"

"అట్ల లేపితెనే మజా పెద్దనాయనా! పట్టుకుంటె భయం ఇంకా ఎక్కువైతది."

ఈ మాట అతని చెవిలో ఇల్లు కట్టుకొనెను. క్రిందికి పడుచునే చేతులు విడుచుట నేర్పు బడి యొకటి యున్నదన్న మాట! ఆదివారము తెల్లవారగనే, పట్టణమున పెద్ద దవాఖానలో కాలు చూపించుకొని వచ్చెదనని భార్య సైదమ్మతో బొంకి, ఎవ్వరిని తోడు పిలువక, బస్సెక్కి వచ్చినాడు.

బండి యెక్కు అరుగునొద్ద మల్సూరు మొదట చేసిన పని చూచి వెనుకనున్న యువకులు ముసిముసి నవ్వులు నవ్విరి. అతడు ఇనుప స్తంభమును కుడిచేత తాకి కన్నుల కద్దుకొనెను. చెట్టెక్కుటకు ముందు వంశపారంపర్యముగా చేయు వందనమది. ఇనుమైన నేమి, పైకి మోయునది గదా! పిదప బండిలో కూర్చుండి, అచ్చటి ఉద్యోగిని బిగించిన నడుము పట్టెడను విప్పి, లాగి చూచి, మరల తానే బిగించుకొన మొదలిడెను.

ఆ ఉద్యోగిని పేరు సుగుణ. ముప్పదియేండ్లు దాటిన, మాటలో కరకుదనమును కన్నులలో కనికరమును గల యువతి.

"అన్నా, అన్నా! అది నువ్వు పెట్టుకునేది కాదు. మేం పెడితెనే బండి కదుల్తది."

"నా మోకు నేనే బిగించుకుంట తల్లీ. ఇంకొకలు కట్టిన దాంతోని నేనెన్నడు పైకి పోలే."

"ఇది మోకు గాదన్నా. కూసుంటె కూసో, లేకుంటె దిగు. ఎనక లైను సూడు ఎంతుందో."

గీతవృత్తిలో తన మోకు తాను బిగించుకొనుట మీరరాని కట్టుబాటు. ఆ కట్టుబాటును మల్సూరు ఆనాడు మొదటిసారి మీరి, దవడలు బిగించి, పరాయి చేతికి తన ప్రాణమునప్పగించి కూర్చుండెను. బండి కిటకిటలాడుచు నిట్టనిలువుగా ఎగబ్రాకి, శిఖరమున ఒక్క లిప్త ఆగి, ఆగినదా యని ఊపిరి తీయులోపలనే పాతాళమునకు దూకి, ప్రక్కకొరిగి, తలక్రిందులై, వాయువును చీల్చుకొనుచు, మరల అరుగునొద్ద ఏమియు నెరుగనట్లు వచ్చి నిలిచెను. మల్సూరు కన్నులు మూసియే యుండెను. చేతులు ఇనుపకమ్మిని ఎట్లు పట్టినవనగా, సుగుణ వచ్చి వ్రేళ్లు ఒక్కొక్కటి విడదీయవలసి వచ్చెను.

అతడు ఒక మూలనున్న బల్లపై చాల సేపు తల వంచుకొని కూర్చుండెను. పిదప లేచి మరల వరుసలో నిలిచెను.

మధ్యాహ్నము దాటువరకు ఇదియే వరుస. పెద్ద బండినెక్కి భయపడి, చిన్న బండిలోనైన చేతులు వదలుదునేమోయని పిల్లలెక్కు బుల్లి కోస్టరులో మోకాళ్లు గడ్డమునకు తగులునట్లు ముడుచుకొని కూర్చుండెను. అందు పాలపండ్లు ఊడిన చిన్నది రెండు చేతులెత్తి పకపక నవ్వుచుండగా, తాటిచెట్లనేలిన మహావీరుడు కమ్మిని కరచుకొని కూర్చుండెను. సిగ్గుతో అతనికి చెవులు మండెను. అది దిగి మరల పెద్ద బండికే పోయెను.

ఆ సమయమున ఫోను మ్రోగినది.

"ఏడున్నవయ్యా? డాక్టరు సూసిండా?" సైదమ్మ కంఠము.

"ఇంకా లైన్లనే ఉన్ననే."

"ఆ ఒర్లుడేంది అట్ల?"

మల్సూరు తలయెత్తి, పైనుండి కేకలతో జారుచున్న బండిని చూచి, "దవాఖాన అన్నంక నొప్పులుండయా మరి," యని ఫోను పెట్టివేసెను. అబద్ధమాడుటలో అతనికి అనుభవము చాలదు. ముఖమున చెమట తుడుచుకొనెను.

ప్రొద్దు వాలుచుండగా జనము పలుచబడినది. ఇన్ని మారులు ఎక్కుచు ఒక్కమారైన నవ్వని ఈ ఒంటరిని గురించి సుగుణకు ఉండబట్టలేదు. దగ్గరకు వచ్చి అడిగినది.

"ఏందన్నా నీ కత? మజా కొచ్చినోళ్లు నవ్వుతరు. నువ్వు పొద్దట్నుంచి పరీక్ష రాసెటోని లెక్క కూసుంటున్నవు."

మల్సూరు దాచలేదు. చెట్టును, తెగిన మోకును, మాట వినని చేతులను, సోమవారమును గురించి చెప్పినాడు. "భయం పోతదేమో అని వచ్చిన తల్లీ. పోతలేదు. పొద్దున ఎట్లుందో ఇప్పుడూ అట్లనే ఉంది."

సుగుణ తలయెత్తి పట్టాల శిఖరమును చూపినది.

"పొద్దుగాల గేటు తెరవకముందు ఈ బండ్ల నేనే పోత, మంచిగున్నదా లేదా చూసెతందుకు. నా పని అదే. ఏండ్లసంది పోతున్న. ఆ మీదికి పోంగనే ఇగో, ఈడ, గుండెల దడ్డుమంటది. ఇయ్యాల గూడ అన్నది. అది పొయ్యేది కాదన్నా. అది పోయినంక ఎక్కుదమనుకుంటె నా నౌకరి ఎప్పుడో పోతుండె."

"మరెట్ల?"

"ఎట్లేముంది? దాన్ని గూడ పక్కకు కూసోవెట్టుకోని పోత." ఆమె నవ్వినది. "నడుమ వరుసల కూసుంటె పడేది కనవడది, ఉత్త దెబ్బనే తెలుస్తది. ఈసారి ముందల కూసో. కండ్లు తెరువు. చేతులు లేపకు, ఊకె ఒదులు."

చివరి విడత. మల్సూరు ముందువరుసలో కూర్చుండెను. సుగుణ పట్టెడ బిగించుచుండగా చేయి అడ్డుపెట్టలేదు. బండి ఎగబ్రాకినది. శిఖరమున పడమటి యెండలో కన్నులు తెరచి చూచెను. గుట్టలు, రహదారి, చీమలవలె వాహనములు, వానికావల సంధ్యారాగమున మునుగుచున్న మైదానము. ఎత్తు! ఎన్నాళ్లకు కన్నులార చూచిన ఎత్తు! యౌవనమంతయు తనదిగా నుండిన ఆ ఎత్తును తానెంతగా ప్రేమించెనో అతనికి ఆ క్షణమున తెలిసివచ్చెను. గుండె దడదడలాడుచునే యున్నది. ఎదుట పట్టాలు అంతర్హితములై శూన్యమే కనబడినది. అప్పుడతడు కమ్మిని విడిచెను. మొదట కుడిచేయి, దానిని చూచి ఎడమచేయి. వణకుచు, తడబడుచు, గాలిలో దిక్కుతోచని ఆ రెండు చేతులతో అతడు పాతాళమునకు దూకెను.

అరచెను. ఏడాది కాలము గుండెలో గడ్డకట్టినదంతయు కేకయై వెలువడినది. అరుగునొద్ద దిగునప్పుడు చెక్కిళ్లపై కన్నీరు గాలికి చెవులవరకు పారి ఎండియుండెను. ప్రక్కవారు నవ్వుచుండిరి. ఈసారి అతడును నవ్వెను. ఓయి పాఠకుడా, సింహాసనమెక్కిన రాజులను పొగడినవారు మనలో పెక్కురు కలరు. రోలర్ కోస్టరు దిగి నిలిచిన ఈ మనుష్యుని పొగడుటకు నాకు మాటలు చాలుట లేదు.

మరునాడు ప్రాతఃకాలమున తాటివనమున అనంతరాములు చేతులు వెనుకకు కట్టుకొని నిలిచెను. కొంచెము దూరమున సైదమ్మ కొంగు నోటికడ్డుపెట్టుకొని నిలిచియుండెను. మల్సూరు మోకు బిగించుకొని చెట్టునెక్కెను. పైకి చేరెను. పాదములు తన్నిపెట్టెను. పిదప కదలలేదు. చేతులు మ్రానిని చుట్టుకొనియే యుండెను.

"దిగిరా తమ్మీ, ఫికర్ లేదు," అని అనంతరాములు జాలితో కేకవేసెను.

మల్సూరు దేహము మెల్లగా వెనుకకు వాలినది. మోకు బరువందుకొని బిర్రున బిగిసినది. కుడిచేయి మ్రానిని విడిచి గాలిలో వణకుచు నిలిచి, నడుమునుండి కత్తి తీసినది. ఎడమచేయి గెల నందుకొన్నది. సన్నని పొర యొకటి సుడులు తిరుగుచు వచ్చి సైదమ్మ పాదములయొద్ద పడెను. ఆమె దానిని తీసి గుండెకు హత్తుకొని, "ఏ డాక్టరు సూసిండో గని సల్లగుండాలె," యని గట్టిగా ఏడ్చెను.

పైన మల్సూరు చేతులు ఇంకను వణకుచునే యుండెను. భయము పోలేదు. చేతులు పనిలో పడినవి.