మూడు దెబ్బల పిలుపు

నంద్యాలలో సైదా సాహెబ్ పరుపుల అంగడికి వెళ్లిన వాళ్లెవరైనా మొదట నేర్చుకునేది గొంతు పెంచడం. నలభై ఏళ్లు దూది ఏకే మిషను పక్కన నిలబడ్డ మనిషి. మెల్లగా చెప్పింది ఏదీ ఆయన చెవికెక్కదు. పోనీ ఆ సంగతి ఒప్పుకుంటాడా అంటే, ఈమధ్య జనానికే గొణుగుడు ఎక్కువైందంటాడు. ఒకసారి బావమరిది పెళ్లి పందిట్లో నవ్వుతూ ‘చెవిటి బావ’ అన్నందుకు అన్నం ముందు నుంచి లేచి వచ్చేశాడు. ఆ తర్వాత రెండేళ్లు ఆ గడప తొక్కలేదు.

మిషను ఆడుతున్నప్పుడు భార్య మాబూబీ ఆయన్ని నోటితో పిలిచేది కాదు. పరుపులు కొట్టే కట్టె తీసుకుని, అంగట్లో పరిచిన చెక్కల మీద మూడు దెబ్బలు వేసేది. ఆ అదురు అరికాళ్లకు తగలగానే ఆయన మిషను ఆపి అన్నానికి లేచేవాడు.

ఐదేళ్ల కిందట బ్యాంకు ఆఫీసరమ్మ వాణి పాత పరుపు మళ్లీ కుట్టించుకోవడానికి వస్తూ తన తెల్లపిల్లిని చంకనేసుకుని వచ్చింది. కిందికి దించగానే అది దూది కుప్పలోకి దూరి నిద్రపోయింది. పక్కనే మిషను మోగిపోతుంటే తోక కూడా కదపలేదు. వీధిలో మిగతా పిల్లులు ఆ మోతకు గోడలు దూకి పారిపోయేవి. “ఇది మన పనికే పుట్టింది” అని సైదా సాహెబ్ మురిసిపోయాడు. మోతకు బెదరకపోవడం ఆయన దృష్టిలో పనిమంతుల లక్షణం. అంతకు మించి ఆలోచించలేదు.

బదిలీ అయినప్పుడు వాణి ఆ పిల్లిని మాబూబీకే ఇచ్చి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది.

“దీని జాతి పుట్టిల్లు టర్కీ దేశంలో అంకారా అండీ. వందల ఏళ్ల కిందట ఓడలెక్కి ఫ్రాన్సు దాకా పోయి జమీందార్ల ఇళ్లలో కూర్చుంది. ఇంకా ఒత్తు బొచ్చు పిల్లులు కావాలని వాళ్లు దీన్ని వేరే వాటితో కలిపీ కలిపీ అసలు జాతే లేకుండా చేసేంత పని చేశారు. చివరికి అంకారా జూ వాళ్లు తెల్లవాటిని ఏరి పెంచి నిలబెట్టుకున్నారట. ఇంట్లో పదిమంది ఉన్నా ఇది ఒక్కరినే ఎంచుకుంటుంది. ఆ ఒక్కరి వెంటే తిరుగుతుంది.”

ఒక కన్ను నీలం, ఒక కన్ను తేనె రంగు. సైదా సాహెబ్ దానికి దొరసాని అని పేరు పెట్టాడు. అది మాబూబీని ఎంచుకుంది. ఆమె వెనకే తిరిగేది, బీరువా నెత్తికెక్కి ఆమె వంట చూసేది, తలుపు గడియ పంజాతో తీసేది. మూడు దెబ్బలు పడితే సైదా సాహెబ్ కంటే ముందు పళ్లెం దగ్గర ఉండేది. ఆయన ఎంత గొంతు చించుకుని పిలిచినా మాత్రం తల తిప్పేది కాదు. పాలు పోసేది తనైనా ఖాతరు చేయదని ఆయనకు లోలోపల ఉక్రోషం.

మాబూబీ మంచం పట్టాక ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగానే చెప్పింది. “నేను పోతే దానికి కట్టె తట్టు. పిలిస్తే రాదు.”

“పిల్లి కోసం నేను కట్టె పట్టుకోవాల్నా?” అన్నాడాయన. ఆమె నవ్వింది.

ఆమె పోయాక దొరసాని గదిగదికీ తిరిగి అరిచేది. ఆయనకు కూడా వినపడేంత అరుపు. “రావే, ఈడికి రా” అని ఆయన పిలిచేవాడు. అది వీపు చూపించి కూర్చునేది. ఇంట్లో మిగిలింది ఇద్దరమే, ఇంకా ఎందుకీ పొగరు అని ఆయనకు కడుపు మండింది. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు ఆళ్లగడ్డ నుంచి ఓబులమ్మ వచ్చింది. శిల్పుల ఇంటి కోడలు, మాబూబీకి పాత స్నేహితురాలు. పిల్లిని బుట్టలో పెట్టి ఆమె చేతికిచ్చేశాడు. “తీస్కపో తల్లీ. దీని కంటికి నేను మనిషిగా ఆనడం లే.”

మూడు నెలలు గడిచాయి. ఇల్లు ఆయన్ని మింగేస్తున్నట్టు ఉండేది. ఒక పొద్దున పిల్లి పట్టేంత చిన్న పరుపు కుట్టి, చంకలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. పిల్లిని వెనక్కి అడుగుదామనే పోయాడు.

ఓబులమ్మ ఇంటి ముందు రాయి కోసే మిషను చెవులు పగలగొడుతోంది. విగ్రహాలు పెట్టెల్లో సర్దే చెక్కల మీద దొరసాని హాయిగా నిద్రపోతోంది. “దొరసానీ” అని ఆయన రెండుసార్లు కేకేశాడు.

ఓబులమ్మ ఆయన చెవి దగ్గరికొచ్చింది. “పిలిస్తే యాడ ఇంటాదన్నా. దానికి పుట్టు చెవుడు. తెల్ల బొచ్చు, నీలం కన్ను ఉండేవాటికి శానా మటుకు ఇట్లే ఉంటాదంట. బ్యాంకమ్మ అక్కకు చెప్పే ఇచ్చినాది.”

“మాబూబీకి తెలుసా? మరి నాకు చెప్పలేదేందీ?”

ఓబులమ్మ మళ్లీ ఆయన చెవి దగ్గరికి వంగింది. “మీ ఇంట్లో ఆ మాట అనగూడదు కదన్నా. ‘పిల్లికి చెవుడన్నా మా ఆయన తననే అన్నారనుకోని అన్నం మానేస్తాడు’ అనేది అక్క. నేనన్నా ఫాతెహా పొద్దు చెప్దామనుకున్యా. నువ్వు ఇనే మనిషివా?”

 ముప్పై ఏళ్లుగా తనను పిలవడానికి మాబూబీ కట్టె ఎందుకు పట్టుకుందో ఆయనకు ఇప్పుడు అర్థమైంది. ఆయనకు చెవుడని ఒక్కసారి కూడా అనకుండానే కాపురం నెట్టుకొచ్చింది. ఆమె చివరిగా అడిగింది ఒక్క పని. కట్టె తట్టమని. అది కూడా చెయ్యలేదు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వంగి, పిడికిలితో చెక్క మీద మూడు దెబ్బలు వేశాడు.

దొరసాని ఉలిక్కిపడి లేచింది. చెక్కల మీదుగా ఒక్క పరుగున వచ్చి ఆయన చెయ్యి వాసన చూసింది. ఆ చెయ్యి దాటుకుని ఆయన వెనక్కి తొంగి చూసింది. గేటు దాకా పోయి రోడ్డుకు అటూ ఇటూ వెతికింది. తర్వాత గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది.

ఆయన వెళ్లి దాని పక్కన నేల మీద కూర్చున్నాడు. తెచ్చిన పరుపు ఒళ్లోనే ఉంది.

“రాదు మే దొరసానీ” అన్నాడు, అది వినదని తెలిసే. “మన ఇద్దరినీ పిలిచే మనిషి ఇంక రాదు.”