దేవుడి గూట్లో పిస్తోలు

ఆ పిస్తోలు ఎవరి ప్రాణమైనా తీసిందా అన్న సందేహం నాకు చిన్నప్పటి నుంచి ఉంది. మా నాయన దాన్ని దేవుడి గూట్లో, జొన్నవాడ కామాక్షమ్మ పటం పక్కన పెట్టాడు. ఏటా ఆయుధపూజ నాడు తెడ్లతో, వలలతో పాటు దానికీ పసుపు పూసి బొట్టు పెట్టేవాళ్లం. మనిషిని చంపే వస్తువుకు అమ్మవారి పక్కన చోటివ్వచ్చా అని ఒకసారి అడిగాను. "స్నేహితుడు ఇచ్చినాడు, పారేస్తామా?" అన్నాడు నాయన. నాకది జవాబనిపించలేదు. మళ్లీ అడగలేదు.

ఇచ్చినవాడి పేరు సమాధానం. మా నాయనతో కలిసి వల లాగినవాడు. అంతకుముందు ఓడల్లో కళాసీగా చేశాడు, అక్కడెవరో దొర ఇచ్చాడట. వయసు మళ్లి వేట మానుకున్న రోజున దాన్ని నాయన చేతిలో పెట్టి, "పడవలో పెట్టుకో, ఆపదలో పనికొస్తాది" అన్నాడు. సముద్రంలో దొంగలెక్కడుంటారని నాయన నవ్వి, ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు.

మూడేళ్ల కిందట మా అబ్బాయి పెంచల్ ఒక్కడే వేటకు పోయాడు. చీకటి పడ్డాక ఫోన్ చేసి ఇంజన్ ఆగిపోయిందన్నాడు. తరువాత ఫోన్ పలకలేదు. మా పాళెం జాలర్లంతా పడవలేసుకుని పోయారు గానీ ఎటు వెతకాలో తెలియలేదు. ఖాళీ పడవ విడవలూరు వైపు ఒడ్డుకు తగిలింది.

"నెత్తురు తాగినదాన్ని అమ్మ పక్కన పెట్టినాం. అందుకే బిడ్డ పోయినాడు." అప్పటి నుంచి నా భార్య నాగులమ్మది ఇదే మాట. గూట్లో దీపం పెట్టడం మానేసింది. వెతకడానికి పోయినవాళ్లకు పెద్దకర్మ నాడు అన్నం పెట్టి కొత్త తువ్వాలు కప్పడం మా పాళెంలో రివాజు. అందరికీ కప్పాం. అందరికంటే ఎక్కువ తిరిగిన హెబ్రోనును మాత్రం ఆమె గడప తొక్కనివ్వలేదు. అతను సమాధానం మనవడు.

ఈమధ్య ఆమె అన్నం కూడా సరిగా తినడం లేదు. ఆ వస్తువు సంగతి తేలితే ఏదో ఒక దారి దొరుకుతుందనుకున్నాను. హెబ్రోను బండి మీద నెల్లూరు బయలుదేరాం. పిస్తోలు గుడ్డసంచిలో ఉంది.

"పోలీసోళ్లు ఆపితే ఏం చెప్తావు మామా?"

"మీ తాత ఇచ్చినాడని చెప్తా."

"చెప్పు. ఆయన్ని పట్టుకోవాలంటే వాళ్లు పైకి పోవాల."

ముఖేష్ గారిది పాత నాణేలు, గడియారాలు అమ్మే దుకాణం. ఆయన పిస్తోలును వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇత్తడిది. గొట్టంలో వేలు పెట్టండి."

నా బొటనవేలు వదులుగా దూరింది.

"మనుషుల్ని కాల్చేదానికి ఇంత లావు నోరుండదు." మీట నొక్కి గొట్టాన్ని ముందుకు వంచాడు. లోపల నున్నగా ఉంది. పక్కన అట్టకట్టిన పసుపును గోటితో గీకితే చిన్న లంగరు గుర్తు బయటపడింది. "ఇది ఓడల సామాను. ఆకాశంలోకి ఎర్రమంట పేలుస్తారు. ఆపదలో ఉన్నాం, రండి అని."

"ఎంత దూరం కనపడతాది?" అని హెబ్రోను అడిగాడు.

"రాత్రిపూట మైళ్ల దూరం కనిపిస్తుంది."

హెబ్రోను లేచి బయటికి పోయి బండి దగ్గర నిలబడ్డాడు.

"దీనికి తూటాలు దొరుకుతాయా అయ్యా?"

"ఈ రకానివి ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు పడవలకు చేత్తో పట్టుకుని వెలిగించేవి వస్తున్నాయి, అవి కొనుక్కోవచ్చు."

పడవలో ఉన్నా పేలేది కాదు గనక, తూటాలు దొరకవన్న మాట నాకు ఊరటగా ఉండాలి. ఉండలేదు. ఇదేమిటో తెలిసుంటే ఆ కొత్తవైనా కొని పెంచల్ పడవలో పెట్టేవాణ్ణి.

ఇంటికొచ్చి చెప్పాను.

"ఎవుర్నీ చంపలేదా?" అంది నాగులమ్మ.

"లేదు."

"ఆ రాత్రంతా నేను గట్టు మీదే ఉండాను. ఎర్రగా లేచుంటే నాకు కనపడేది."

"తూటాలు లేవు గదా నాగులూ."

"తూటాలు గావాలని ఎవురికి తెలుసు? బొట్టు పెట్టి కూర్చోబెట్టినాం."

నేను గూటి ముందు నిలబడ్డాను. అమ్మవారు అన్నీ చూస్తుందని నమ్మినవాణ్ణి. ఇన్నేళ్లు నీ పక్కనే ఉందే, దీని సంగతి ఒక్క కలలోనైనా ఎందుకు చెప్పలేదు తల్లీ అని అడిగాను.

పొద్దున్నే ఆమె నన్ను లేపి, "అంగడికి పోయి ఒక తువ్వాలు తీసుకురా. వచ్చేటప్పుడు ఆ పిల్లోడిని పిలువు" అంది.

హెబ్రోను వచ్చి గడప బయటే ఆగాడు.

"లోపలికి రా."

"ఇక్కడ గాలి బాగుండాది అత్తా."

"రమ్మన్నా గదా."

కానాగంత చేపల పులుసుతో అన్నం పెట్టింది. అతను తల దించుకుని తిన్నాడు.

"మీ తాత మంచే చెప్పినాడు. మేమే వినలా."

"మా తాత ఏదీ పూర్తిగా చెప్పేవాడు కాదత్తా. సగం చెప్పి బీడీ ముట్టించేవాడు."

ఆమె నవ్వలేదు. ఇంకాస్త పులుసు పోసింది. అతను చేయి కడుక్కుని వచ్చాక తువ్వాలు మడత విప్పింది. ఆమె చేతులు అతని భుజాల దాకా అందలేదు. హెబ్రోను కొంచెం వంగాడు. ఆమె కప్పింది.