నీళ్ళు నమిలిన పెద్దమ్మ

సబ్బుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రోజూ నాలుగు వందల మందికి వండి పెట్టే పెద్దమ్మకు ఒక మధ్యాహ్నం ఉడికించిన గుడ్డు ముక్క గొంతుకు అడ్డం పడింది.

ఆవిడ అక్కడ ఎవరికీ వరసకు పెద్దమ్మ కాదు. యాభై దాటిన మనిషి, గరిటె పట్టుకుని గదమాయిస్తూనే అడక్కుండా మారు వడ్డిస్తుంది కాబట్టి మేనేజరు మొదలు గేటు దగ్గర కాపలావాడి దాకా అందరూ అలాగే పిలిచేవారు. ఆవేళ స్టోర్‌కీపరు ఏదో జోకు వేశాడు, ఆవిడ నోట్లో గుడ్డు పెట్టుకుని పకపకా నవ్వింది, అంతే. ఊపిరి ఆడలేదు. కళ్ళు తేలేసింది. స్టోర్‌కీపరు లేచి వీపు మీద నాలుగు చరిచేలోగా పెద్ద దగ్గు వచ్చి, ముక్క ఎగిరి ఎదుటి బల్ల మీద పడింది. మొత్తం పది సెకన్ల భాగోతం. అందరూ నవ్వుకున్నారు. ఆవిడా నవ్వి, పొయ్యి మీద కూర మాడుతోందంటూ లేచిపోయింది.

మర్నాడు గుడ్డును నాలుగు ముక్కలకు బదులు ఎనిమిది చేసుకుంది. పై వారం గుడ్డే మానేసింది. గుడ్డు పోతే రొట్టె లేదా అనుకుంది. తర్వాత రొట్టెను పాలలో నానేసింది. అన్నం మెత్తబడింది, మరీ మెత్తబడింది, చివరికి జావ అయి కూర్చుంది. పక్కన గ్లాసుడు నీళ్ళు లేనిదే చెంచా ఎత్తేది కాదు. ఎదురుగా మొగుడు లేనిదే గ్లాసూ ముట్టేది కాదు. మూడు నెలలు తిరిగేసరికి నీళ్ళను కూడా నమిలి మింగడం మొదలుపెట్టింది. జవాబు తోచనివాడు నీళ్ళు నమిలాడని మాటవరసకు అంటాం గానీ, పెద్దమ్మ నిజంగానే నమిలింది, గుక్కకు పదకొండు సార్లు.

ప్యాకింగు సెక్షన్ ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ మూగారు. "ఎంత సన్నబడ్డావు పెద్దమ్మా! ఆ చిట్కా ఏదో మాకూ చెప్పచ్చుగా?"

"చిట్కా ఏముందే, వయసు," అని నవ్వేసి, ఇంటికెళ్ళి వదులైన బట్టలన్నీ బిగించి కుట్టుకునేది. నాలుగు వందల మంది ఆకలి తీర్చే తనకు ముద్ద దిగడం లేదని ఎవరితో చెప్పుకోగలదు? వంటలో పులుసు బొట్టు అరచేతిలో వేసుకుని నాకేది గానీ ముక్క జోలికి పోయేది కాదు. ఉడికిందో లేదో వేలితో నొక్కి చెప్పేది. ఆ వేలు ఒకరోజు మోసం చేసింది.

"పెద్దమ్మా, ఇవాళ బంగాళాదుంపలు కాస్త గట్టిగా మాట్లాడాయి," అన్నాడు స్టోర్‌కీపరు మెల్లిగా.

ఆ మాటకు ఆవిడ స్టోరు గది వెనక్కి వెళ్ళి ఏడ్చింది. సాయంత్రం మొగుణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

మొగుడు డ్రైవింగ్ నేర్పే మాస్టారు. గొంతులోకి గొట్టం వేసి కెమెరాతో చూసిన డాక్టరు, "గొంతు హైవేలా ఉందమ్మా, ఎక్కడా అడ్డు లేదు," అన్నాడు.

"మరి బండ్లెందుకు ఆగిపోయాయండీ?" అన్నాడు మాస్టారు.

డాక్టరు నవ్వి, కౌన్సెలింగ్ చేసే ఆవిడ ఫోన్ నంబరు రాసిచ్చాడు. ఆ సంగతి తెలిసి మాస్టారి అక్క, అంటే పెద్దమ్మకు వదిన, మూడు వీధుల అవతలి నుంచి రొప్పుకుంటూ వచ్చింది.

"గొంతులో ఏం లేదన్నాక ఇంకెక్కడ ఉంటుందిరా? రెండ్రోజులు పస్తు పడుకోబెట్టు, అదే తింటుంది."

"మూడు నెలల్నుంచీ పస్తేగా అక్కా!" అన్నాడు మాస్టారు. వదిన మరదలి మణికట్టు పట్టుకుని చూసి, చేతి గాజు మోచేతి దాకా జారేసరికి పస్తు మాట వెనక్కి తీసుకుంది.

కౌన్సెలర్ ముప్పై ఏళ్ళ పిల్ల. అంతా విని, "కొత్తగా వంటలో చేరినవాళ్ళు మరిగే నూనెకు భయపడరా అమ్మా?" అని అడిగింది.

"ఎందుకు భయపడరు? దూరంగా నిలబడి ముక్కలు విసురుతారు. విసిరితే చిందదూ? చేతి మీద పడుతుంది. 'చూశావా పెద్దమ్మా, చెప్పానా' అంటారు."

"మీరేం చేస్తారు?"

"పక్కన నిలబెట్టుకుంటాను. దగ్గరికొచ్చి, అంచు మీంచి ఒక్కో ముక్కే జారవిడవమంటాను. పది వాయిలు వేసేసరికి..." అంటూ పెద్దమ్మ ఆగిపోయి, ఆ పిల్ల వైపు అనుమానంగా చూసింది.

"మీరూ దూరం నుంచే విసురుతున్నారు," అంది కౌన్సెలర్. "భయపడితే గొంతు బిగుస్తుంది. బిగిస్తే 'అదుగో, అడ్డం పడబోతోంది' అనిపిస్తుంది. మానేస్తే ఆ పూటకు హాయిగా ఉంటుంది. కానీ మానేసిన ప్రతిసారీ భయం చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు అవుతుంది. అసలు ఆవేళ ముక్కని బయటికి తోసిందెవరు? మీ గొంతే కదా? అది తన పని తను చేసింది. మీరు మూడు నెలలుగా దాన్నే అనుమానిస్తున్నారు."

పెద్దమ్మ మెడ తడుముకుంది. పాపం, అనిపించింది.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి వారం తడిపిన బిస్కెట్టు. దానికే చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. కౌన్సెలర్ చెప్పినట్టు లేచిపోకుండా కూర్చుంటే, పావుగంటకు దడ దానంతటదే తగ్గింది. తర్వాత పొడి బిస్కెట్టు. తర్వాత మెతుకు మెతుకుగా ఉన్న అన్నం. ఆ తర్వాత నీళ్ళ గ్లాసును బల్ల మీంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టాలి. అన్నిటికన్నా కష్టమైన మెట్టు మాస్టారిని పక్క గదిలోకి పంపడం.

కష్టం ఆవిడకి కాదు, ఆయనకి. ఇన్నాళ్ళూ పెళ్ళాం గొంతు కదలికనే చూస్తూ కూర్చున్న మనిషి, గుమ్మం దాటగానే పేపరు తిరగేసి పట్టుకున్నాడు. నిమిషానికోసారి తల బయట పెట్టాడు.

"ఏమే, దగ్గావా?"

"గిన్నె కదిపానండీ!"

"మాస్టారూ," అంది కౌన్సెలర్ మరుసటి వారం, "మీరు పక్క సీట్లో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే ఆవిడకి బండి నడపడం ఎప్పుడొస్తుంది?" ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆనాటి నుంచి ఆవిడ తినే వేళకు వీధిలో అటూ ఇటూ నడవడం అలవాటు చేసుకున్నాడు.

ఐదో నెలలో పెద్దమ్మ క్యాంటీన్‌లో ముక్క కొరికి "ఇంకో రెండు నిమిషాలు ఉడకాలి" అంది. వంటవాళ్ళు ముఖముఖాలు చూసుకుని, గిన్నె మీద మూత మళ్ళీ పెట్టారు. గుడ్డు మాత్రం ఇప్పటికీ ముట్టదు. కొన్ని రోజులు ముద్ద నోట్లో పెట్టుకోగానే పాత దడ తలుపు తడుతుంది. అప్పుడు చెంచా దించేసి, కాసేపు కూర్చుని, మళ్ళీ ఎత్తుతుంది.

ఆ మధ్య మాస్టారు రెండు రోజుల శిక్షణకని పొరుగూరు వెళ్ళాడు. ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లో ఒంటరిగా అన్నం, బీన్స్ కూర వడ్డించుకుంది. ఫోన్ మోగింది. ఆయనే. "తింటున్నా," అని పెట్టేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ. నాలుగోసారికి చెయ్యి ఎంగిలిగా ఉండి ఎత్తలేదు.

పది నిమిషాల్లో తలుపు దబదబ బాదిన చప్పుడు. తీస్తే వదిన, చెప్పులు లేకుండా, జుట్టు రేగిపోయి.

"నువ్వు ఫోనెత్తట్లేదని వాడు నా ప్రాణం తోడేస్తున్నాడే! బానే ఉన్నావా?"

పెద్దమ్మ బుగ్గలో ముద్ద ఉంది. జవాబు చెప్పకుండా చెయ్యెత్తి ఆగమంది. వదిన గుమ్మంలోనే ఊపిరి బిగబట్టి నిలబడింది. పెద్దమ్మ తాపీగా నమిలింది, మింగింది.

"బానే ఉన్నా వదినా. మీరే కూర్చోండి ముందు, ముఖం పాలిపోయింది."

వదిన కుర్చీలో కూలబడి, కంచంలోకి తొంగిచూసి, "ఇంకా మిగిలిందా?" అంది. పెద్దమ్మ రెండో కంచం తీసింది.