శెనక్కాయలంటే

"అది పడదు, ఇది పడదు అని వంకలు పెట్టకు. జర తిని చూడు" అని మా ఆయన ఓంకార్ అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతది. పొద్దున్నే మొగుడికి, అత్తకు పల్లి చట్నీ నేనే పట్టాలె, ఆ గిన్నెలు నేనే కడగాలె, పెరుగన్నం డబ్బా కట్టుకొని ఆఫీసుకు ఉరకాలె. పల్లీలు నోట్ల పడితే నా పెదవులు వాస్తయి, గొంతు మూసుకపోతది. చెప్తే మా అత్తమ్మ నీలమ్మ "నఖరాలు" అంటది.

ఆదివారం పై ఫ్లోరు బాలాత్రిపురసుందరిగారు మమ్మల్ని భోజనానికి పిలిచిన్రు. కాకినాడవాళ్లు, నానక్‌రామ్‌గూడకు కొత్తగ వచ్చిన్రు. "మీకు పడనివి ఏమైనా ఉన్నాయా అండీ?" అని తలుపు కాడనే నన్ను అడిగిన్రు. ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచేలోపే ఓంకార్, "ఏం లేదండీ, అన్నీ తింటది" అన్నడు. పరాయి ఇంట్ల పంచాయితీ ఎందుకని ఊకున్న.

గుత్తివంకాయ వడ్డించిన్రు. ధనియాల వాసన ఘుమఘుమలాడుతున్నది. అయినా భయమే. "ఇందుల ఏం పొడి వేసిన్రండీ?"

"శెనక్కాయల పొడండీ."

"శెనగలేనట, తిను బిడ్డా" అన్నది అత్తమ్మ. శెనగలతోని నాకేం ఫికర్ లేదు. పిలిచి పెట్టిన తిండి కడుపునిండ తిని ఎన్నాళ్లయిందో! ఇష్టంగ కలుపుకున్న.

రెండో ముద్దకే గొంతు పట్టేసింది. వాళ్ల దిక్కు పల్లీలనే శెనక్కాయలంటరట! "అడిగాను కదండీ, అడిగాను కదా" అని ఆమె ఏడుస్తనే ఉన్నరు. ఓంకార్ తెల్లమొహం వేసుకొని కారు తీసిండు.

దవాఖానల సూదేసినంక ఊపిరాడింది. ఓంకార్ మందులకు పోయిండు. అత్తమ్మ నా చెయ్యి వదలలే. "చచ్చిపోతవనుకున్న బిడ్డా" అని కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. నా మొఖం చూడకుంట అన్నది:

"నాకు వంకాయ పడదు. నోరంత దురద పెడ్తది. మీ మామకిష్టమని పెండ్లయిన కాడికెల్లి వండిన, తిన్న. ఆయన పోయినంక గూడ తింటనే ఉన్న. నువ్వు పడదని చెప్తుంటే నాకు మంటగుండేది. నేను ఓర్చుకుంటలేనా అని."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు. ఆ చేతిని నా రెండు చేతుల్ల పట్టుకున్న.

"ఇగ మన ఇద్దరిల ఎవలికి పడకున్నా అది నేను వండ, అత్తమ్మా. ఎవలేమన్న అనుకోని. నీకేమిష్టమో చెప్పు, రేపు అదే చేస్త."

"పప్పు మీ మామకు, పులుసు ఓంకార్‌కు..." అని అత్తమ్మ లెక్కవెట్టింది.

"యాదికొస్తలేదు బిడ్డా."